రెండు మెతుకులు

నాయుడుపేట నుంచి ఉత్తరం వచ్చింది. కవరు విప్పబోతే అంచున గట్టిపడిన మెతుకు ఒకటి గోటికి తగిలింది. ఎవరింటి నుంచి వచ్చిందో ఆ మెతుకే చెప్పింది. లోపల ఏముందో చూడకుండానే ఫక్కున నవ్వాను. తీరా చదివితే, ఆయన పోయి పది రోజులైందని ఆయన భార్య రాసింది. చావు కబురు చేతిలో పెట్టుకుని నవ్విన పాపం నాదే, కాదనను. కానీ ఆయన తనిఖీల కింద నాలుగేళ్ళు నలిగినవాళ్ళు ఎవరైనా నన్ను క్షమిస్తారు.

అరవైల మొదట్లో నేను నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరికి తూర్పున, సముద్రపు హోరు వినిపించే ఒక పల్లెలో పిల్లల కేంద్రం నడిపేదాన్ని. ప్రభుత్వం వారు దానికి పెట్టిన పేరు ‘పాఠశాల వయస్సు బాలబాలికల సంరక్షణ కేంద్రం’. ఆ పేరు రాసిన బోర్డు మా వాకిలి కంటే వెడల్పు. పైన పెట్టడానికి చోటు లేక పక్కగోడకు ఆనించాం. ఊళ్ళోవాళ్ళు మాత్రం ‘పిల్లల కొట్టం’ అనేవారు. అంతకు ముందు అది గొడ్ల కొట్టం. గొడ్లు పోయి పిల్లలు వచ్చారు, కప్పు మీది తాటాకు కూడా మార్చలేదు.

పని ఏమిటంటే, నాట్లకూ కలుపుకూ కోతలకూ పోయే తల్లులు పొద్దు పొడవకముందే పిల్లల్ని మా దగ్గర దించిపోయేవారు. వాళ్ళ మొహాలు కడిగి, పాలపొడి కలిపిన పాలు పోసి, గంట కొట్టగానే పక్కనే ఉన్న బడికి తోలడం. బడి వదిలాక మళ్ళీ కొట్టంలోకి తోలుకొచ్చి, తల్లులు మోకాళ్ళ దాకా బురదతో తిరిగొచ్చేవరకూ కాపలా కాయడం. చేల పక్కనే కాలవ. చూడడానికి చిన్నదే గానీ నాట్ల కాలంలో నిండుగా పారేది.

రమణమ్మ అనే ఆమె కొడుకు ఆ కాలవలోనే పోయాడు. తల్లి మడిలో ఉంది, అక్క చెంగమ్మ బడిలో ఉంది, ఇంటి దగ్గర కనిపెట్టుకునే దిక్కు లేదు. ఆ తర్వాతే ఆడవాళ్ళంతా పోయి పంచాయతీ సమితి ఆఫీసు ముందు కూర్చుంటే ఈ కేంద్రం వచ్చింది. రమణమ్మకు ఇంకా ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు. మూడో తరగతి చదివే చెంగమ్మ, దాని చంకలో ఎప్పుడూ వేలాడుతుండే చిన్నది బుజ్జమ్మ. కేంద్రం తెరిచిన రోజే రమణమ్మ ఇద్దర్నీ తెచ్చి నా ముందు నిలబెట్టింది.

“టీచరమ్మా, ఇద్దర్నీ తీసుకుంటేనే. చిన్నదాన్ని వొద్దంటే పెద్దదాన్ని గూడా బడి మానిపిస్తా. ఇద్దర్నీ నాతో మడికాడికి తీసకపోయి గట్టు మీద కూర్చోబెట్టుకుంటా. నా కళ్ళ ముందర ఉంటారు. ఇంకోసారి నావల్ల కాదు.”

ఇంకోసారి అంటే ఏమిటో నేను అడగలేదు. ఇద్దరి పేర్లూ రాసుకున్నాను.

ఆ తర్వాత నెలకు ఆయన వచ్చారు. సైకిలు ఆయన్ని కోట దాకా మోసింది. కోట దాటాక ఇసుకలో ఆయనే సైకిల్ని మోసుకొచ్చారు. పంచెకు క్లిప్పులు, చెవులకు దారంతో కట్టిన కళ్ళద్దాలు, హ్యాండిల్‌కు వేలాడే మైనపుగుడ్డ సంచి. సైకిలు గోడకు ఆనించి, చెమట తుడుచుకుని, తానెవరో ఏమిటో చెప్పకుండా నేరుగా పొయ్యి దగ్గరికి నడిచి, మా వంటామె ఎస్తేరమ్మకు చేతులు జోడించారు.

“అమ్మా, రెండు మెతుకులుంటే పెట్టండి” అన్నారు.

ఎస్తేరమ్మ మొగుడు పోయిన మనిషి. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతుతోనే మిగతా ఆరు రోజులూ మా పిల్లల్ని కేకలేసేది. కేకలు ఎంత పెద్దవో మనసూ అంత పెద్దది. “అయ్యో నా తండ్రే, ఈ ఎండన యాడ నుంచి నడిచొచ్చినాడో” అని పళ్ళెం నిండా అన్నం పెట్టి, చింతపండు పులుసు పోసి, ఎండుచేప ముక్క ఒకటి అంచున పెట్టి తెచ్చింది. ఆయన పళ్ళాన్ని అటూ ఇటూ తిప్పి, పులుసు తగలని చోట చూసి, రెండంటే రెండే మెతుకులు తీసుకున్నారు. సంచిలోంచి లావుపాటి పుస్తకం ఒకటీ, అచ్చువేసిన చిన్న చీటీ ఒకటీ తీశారు. మెతుకుల్ని చీటీ వెనక బొటనవేలితో నలిపి, పుస్తకంలో ఒక పేజీ మీద అతికించి, అరచేత్తో అదిమారు. పళ్ళెం తిరిగి ఇచ్చేశారు.

ఎస్తేరమ్మ నోరు తెరిచేసింది. “ఇదేంది సార్, తినరా?”

“డ్యూటీలో తినకూడదమ్మా. పుస్తకంలో ఉంది.”

అప్పుడు నాకేసి తిరిగి, తాను మా కేంద్రానికి తనిఖీ అధికారినని సెలవిచ్చారు. ఆ సాయంత్రానికల్లా ఊరంతా ఆయనకు ‘రెండు మెతుకులాయన’ అని పేరు పెట్టేసింది. అసలు పేరు నాకు తెలుసు. ఆ పేరు చెప్తే మా ఊళ్ళో ఎవరూ ఆనవాలు పట్టరు కాబట్టి రాయడం లేదు.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. కేంద్రాలు ఎలా నడపాలో నిబంధనలన్నీ అచ్చువేసిన పుస్తకం. మొదట్లో సన్నగానే ఉండి ఉంటుంది. కానీ పైవాళ్ళకు ఒక నిబంధన రాసిన మర్నాడే దాన్ని మార్చబుద్ధయ్యేది. మార్చినప్పుడల్లా పుస్తకం మళ్ళీ అచ్చువేయరు. మారిన ముక్కను మాత్రం చీటీగా అచ్చువేసి పంపుతారు. దాన్ని తీసుకుని పాత ముక్క మీద అతికించుకోవాలి. లోకంలోని మిగతా అధికారులంతా ఆ చీటీల్ని సొరుగులో పడేసి సుఖంగా బతికేవారు. ఈయనకు మాత్రం చీటీ అందితే ఆ పొద్దు గుంకేలోపు అతికి తీరాలి. ప్రతి చీటీ కిందా ఎర్రసిరాతో రెండు తేదీలు వేసేవారు. ఒకటి అందిన తేదీ, రెండోది అతికించిన తేదీ. రెండూ ఎప్పుడూ ఒకటే. ఆ రెండు తేదీలూ ఒకటేనని నాకు వేలు పెట్టి చూపించి మురిసిపోయేవారు.

ఒకసారి జ్వరంతో ఒళ్ళు కాలిపోతూ వచ్చారు. దారిలో టపా మనిషి చేతికి చీటీ ఇచ్చాడట. ఎస్తేరమ్మ దగ్గర మెతుకులు అడిగి, వణికే చేతుల్తో చీటీ అతికించి, మా అరుగు మీదే పడిపోయారు. గొంగడి కప్పుతూ నాకు ఒళ్ళు మండి, “రేపు అతికిస్తే కొంప మునుగుతుందా సార్?” అన్నాను.

“కాయితం చేతికొచ్చినంత మాత్రాన రూలైపోదమ్మా” అన్నారు, గొంగట్లోంచి. “పుస్తకంలో అతికితేనే రూలు. అందాకా అది ఉత్త కాయితం.”

మూలుగుతూ కూడా పాఠం చెప్పే మనిషితో ఏం మాట్లాడతాం? మెతుకుల వాసనకు ఆ పుస్తకం నిండా చీమలు. ఆయన దాన్ని ఎండలో పెట్టి, చీమల్ని ఒక్కొక్కటిగా ఊదేవారు. చంపేవారు కాదు. చంపమని నిబంధన ఏదీ ఇంకా రాలేదేమో.

ఇక నిబంధనలు. అబ్బో! నిప్పు అంటుకుంటే ఆర్పడానికి ఎర్ర రంగు వేసిన బకెట్టులో ఇసుక ఉంచాలట. మా ఊళ్ళో ఇసుక లేని చోటు చూపించినవాళ్ళకు నేను దండం పెడతాను. అన్నంలో ఇసుక, పాలల్లో ఇసుక, పిల్లల చెవుల్లో ఇసుక. అయినా సరే బకెట్టు తెప్పించి, ఎర్ర రంగు పూయించి, ఇసుకలో నిలబడి ఇసుక నింపాం. ఆయన వచ్చి, అందులో వేలు ముంచి, “జల్లించలేదే” అన్నారు. నిబంధనలన్నీ తల్లులకు కనబడేటట్టు గోడ మీద రాయించాలట. రాయించాం. చదవడం వచ్చిన తల్లి ఒక్కతీ లేదు. ఒకామె ఆ గోడకు బొట్టు పెట్టి, ఇదేదో మంచిదే అయివుంటుందని మొక్కి పోయింది.

బిడ్డకు ఒకటి చొప్పున ఆటవస్తువు ఉండాలని ఇంకొకటి. పైనుంచి నిబంధన వచ్చింది గానీ ఆటవస్తువులు రాలేదు. పిల్లలు సముద్రపొడ్డున ఎండ్రకాయల్ని పట్టుకొచ్చి, కాలికి దారం కట్టి ఆడుకునేవారు. ఒకరోజు ఒక ఎండ్రకాయ దారం తెంపుకుని ఆయన పంచెలో దూరింది. మనిషి కొట్టమంతా గంతులేశారు. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఎస్తేరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. ఎండ్రకాయ తనంతట తాను దిగిపోయాక, ఊపిరి పీల్చుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, ఆయన అన్న మొదటి మాట ఇది: “ఈ ఆటవస్తువు రిజిస్టర్లో ఎక్కిందా?”

ఎక్కించాను. ‘ఎండ్రకాయలు, పద్దెనిమిది, మంచి స్థితిలో ఉన్నవి’ అని రాశాను. ఆయన చదివి, కింద సంతకం పెట్టారు.

ఈ నవ్వులన్నీ తర్వాతి సంగతులు. మొదటి తనిఖీ రోజున నాకు నవ్వు రాలేదు. ఆవేళ అతికించిన చీటీ తడి ఆరకముందే బుజ్జమ్మ ఆయన కంటబడింది.

“ఈ పాప వయసెంత?”

“ఐదు సార్” అన్నాను, దేవుడి మీద భారం వేసి.

“పుట్టినప్పుడు రాయించారా?”

చెంగమ్మ చెల్లెల్ని చంకన వేసుకునే ముందుకొచ్చింది. “గాలివాన కొట్టిన ఏడు పుట్టింది సార్.”

“ఏ గాలివాన?”

మా తీరంలో అడగదగిన ప్రశ్న కాదది. “మా ఇంటికాడ టెంకాయచెట్టు పడిపోయింది గదా సార్, ఆ గాలివాన” అంది చెంగమ్మ. ఆయన రాసుకోబోయి కలం ఆపేశారు.

ఐదేళ్ళు నిండనివాళ్ళను కేంద్రంలో చేర్చుకోకూడదు. పుట్టిన తేదీకి ఆధారం లేకపోతే ఏం చేయాలో ఆయన అప్పుడే అతికించిన చీటీలో ఉంది. కుడిచేయి నడినెత్తి మీదుగా వేసి ఎడమచెవి అందుకోగలిగితే ఐదేళ్ళు నిండినట్టు. తాతల నాటి నుంచి పంతుళ్ళు బడిలో చేర్చుకునేటప్పుడు చూస్తున్నదే, కొత్తగా అచ్చుకెక్కింది. బుజ్జమ్మ నవ్వుతూ చేయి వేసింది. వేళ్ళు నెత్తి దాటి, చెవికి రెండు వేళ్ళ ఎడంలో ఆగిపోయాయి.

“అందలేదు” అన్నారాయన. “వచ్చే తనిఖీకి కూడా అందకపోతే పేరు కొట్టేయాలి.”

“సార్, ఈ పిల్లను తీసేస్తే దాని అక్క బడి మానేస్తుంది” అన్నాను. కాలవ సంగతీ, రమణమ్మ అన్న మాటా మొత్తం చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

“మనం చెప్పేదేముందమ్మా. పుస్తకం చెప్తుంది.”

ఆ పుస్తకాన్ని ఎస్తేరమ్మ పొయ్యిలో పెట్టాలనిపించింది. మంట ఆర్పడానికి ఊరినిండా ఇసుక ఉంది.

ఆ నెల రోజులూ మా కొట్టంలో వేరే పని లేదు. చెంగమ్మ పొద్దునొకసారి, బడి వదిలాక ఒకసారి చెల్లెలి చేయి పట్టుకుని లాగేది. ఎస్తేరమ్మ ఆముదం రాసి, భుజం నుంచి వేళ్ళ దాకా నీవేది. నీవుతూ నీవుతూ కళ్ళు మూసుకుని, “ప్రభువా, ఈ బిడ్డ చెయ్యి ఒక్క రెండు వేళ్ళ పొడుగు సాగదియ్యి తండ్రీ” అని ప్రార్థన చేసేది. రమణమ్మ పోలేరమ్మకు మొక్కుకుంది. దేవుళ్ళు ఒకరి మీద ఒకరు వదిలేశారో ఏమో, చేయి మాత్రం అంతే ఉంది. సాయంత్రం మడి నుంచి వచ్చీ రాగానే రమణమ్మ నన్ను అడిగే మాట ఒకటే. “అందిందా టీచరమ్మా?” లేదని చెప్పలేక, కొంచెం దగ్గరికొచ్చిందని చెప్పేదాన్ని.

తనిఖీ రోజున చెంగమ్మ చేతిలో పలక లేదు. ఏదే అని అడిగితే, పక్కింటి పిల్లకు ఇచ్చేశానంది. “రేపటి నుంచి నాకెందుకు టీచరమ్మా” అని మామూలుగానే చెప్పింది.

ఆయన వచ్చారు. బుజ్జమ్మను మధ్యలో నిలబెట్టారు. పిల్ల చేయి వేసింది. వేళ్ళు మళ్ళీ అక్కడే ఆగాయి. అక్కవైపు చూసింది. అక్క తల దించుకుని ఉంది. అప్పుడు బుజ్జమ్మ, ఎవరు చెప్పారో ఏమో, తలను కుడిభుజం మీదికి వాల్చేసింది. వేళ్ళు చెవి దగ్గరికి పోలేదు, చెవే వేళ్ళ దగ్గరికి వచ్చింది. గట్టిగా పట్టేసుకుంది.

“అందింది! స్తోత్రం తండ్రీ, అందింది!” ఎస్తేరమ్మ అరిచింది.

“తల వంచింది” అన్నారాయన.

నాకెక్కడి నుంచి వచ్చిందో తెలివి. “తల వంచకూడదని పుస్తకంలో ఉందా సార్?”

ఆయన పుస్తకం తీశారు. ఆ పేజీ చదివారు. ముందు పేజీ చదివారు, వెనక పేజీ చదివారు. చీటీల మూలలు ఎత్తి కింద ఏముందో చూశారు. పిల్లలంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. బుజ్జమ్మ తల వాల్చుకుని చెవి పట్టుకునే ఉంది, వదిలితే మళ్ళీ అందదని.

“లేదు” అన్నారు చివరికి. “తల ఎట్టా ఉండాలో రాయలేదు.”

“అయితే?”

“అయితే అర్హురాలే.”

చెంగమ్మ పలక కోసం పరుగెత్తింది. నేను ఆయన్ని మొదటిసారి మనిషిలాగా చూశాను. కానీ ఆ ముచ్చట ఎంతసేపని! పంచెకు క్లిప్పులు పెట్టుకుంటూ ఆయన, “ఇది నిబంధనలో లోపమమ్మా. పైకి రాయాలి” అన్నారు.

“ఏమని?”

“తల నిటారుగా ఉండాలా, వంచవచ్చా, తేల్చి చెప్పమని.”

“మీకు చేతులెత్తి మొక్కుతాను సార్, రాయకండి. మూసుకున్న నోళ్ళను మనమెందుకు తెరిపించాలి?”

“లోపం కనబడితే పైకి రాయాలమ్మా. పుస్తకంలో ఉంది.”

రాశారు. మా కొట్టంలోనే కూర్చుని, తన కలం ఆగిపోతే నా కలం అడిగి తీసుకుని మరీ రాశారు.

పైనుంచి ఏం జవాబు వస్తుందో చెప్పడానికి జాతకాలు చూడనక్కర్లేదు. అది ఏ రోజు వస్తుందో అన్నదే భయం. ఆయన సైకిలు మలుపులో కనబడితే చాలు, బుజ్జమ్మను నా కొంగు చాటుకు లాక్కునేదాన్ని. అప్పటి నుంచి ఆయనకు ఇంకో పిచ్చి పట్టుకుంది. తనిఖీకి రాగానే బకెట్టు చూడరు, రిజిస్టరు చూడరు, ముందు బుజ్జమ్మను పిలుస్తారు. “పాపా, చెవి పట్టుకో.” బుజ్జమ్మ తల వాల్చి చెవి పట్టుకునేది. ఆయన ఎడంగా నిలబడి చూసి, “ఊఁ” అని అటు తిరిగిపోయేవారు. చేరిపోయిన పిల్లకు మళ్ళీ మళ్ళీ ఈ పరీక్షేమిటని అడిగితే రిజిస్టరు తెమ్మనేవారు.

“పైనుంచి ఏమన్నా వచ్చిందా సార్?” అని నేను ప్రతిసారీ అడిగేదాన్ని.

“వస్తే అతికించకుండా ఉండే మనిషినామ్మా నేను?” అనేవారు.

అదీ నిజమే. జ్వరంలో పడి అతికించిన మనిషి. రాలేదని ఆ పూటకు ఊపిరి పీల్చుకునేదాన్ని. అయినా ఒకరోజు పట్టలేక నోరు జారాను. “మీరు రాసిన ఆ ఉత్తరం వల్ల ఆ పిల్ల బడి మానేస్తే, ఆ పాపం మీ పుస్తకంలో ఏ పేజీలో అతికిస్తారు సార్?”

“ఆ పేజీ లేదమ్మా” అన్నారు. ఎస్తేరమ్మ ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

మధ్యలో ఒకసారి నెల్లూరు నుంచి పై అధికారి జీపులో వచ్చాడు. ఆవేళ మనవారు ఎక్కడిదో ఒక నల్లకోటు తొడుక్కొచ్చారు. మా ఎండకు ఆ కోటు! చెమటలు కారిపోతున్నాయి. బుజ్జమ్మ నా కొంగు చాటున నిలబడి ఉంది. పై అధికారి పుస్తకం పేజీలు చకచకా తిప్పి, “వచ్చిన సవరణలన్నీ అతికించారుగా?” అన్నాడు.

“పుస్తకంలో ఉన్నవన్నీ అతికించినవే సార్” అన్నారు ఈయన.

అదేం జవాబని నాకు లోపల నవ్వొచ్చింది. పై అధికారి మాత్రం మెచ్చుకోలుగా తలూపి, ఎర్ర బకెట్టులోని ఇసుక జల్లించినందుకు మమ్మల్ని అభినందించి, జీపెక్కి పోయాడు. ఈయన కోటు విప్పి అరుగు మీద కూలబడ్డారు. పెద్దవాళ్ళ ముందు ఎంత పిరికితనమో అనుకున్నాను.

మళ్ళీ నాట్ల కాలం వచ్చింది. కాలవ నిండింది. ఆ తనిఖీకి ఆయన వచ్చి ఎప్పటిలాగే, “పాపా, చెవి పట్టుకో” అన్నారు. బుజ్జమ్మకు అప్పటికి ముందు పన్ను ఒకటి కదులుతోంది. ఆ పన్నును నాలుకతో ఆడిస్తూ, పరధ్యానంగా చేయెత్తి చెవి పట్టుకుంది. తల వాల్చడం మర్చిపోయింది. వాల్చే అవసరం లేకపోయింది.

ఆయన దగ్గరికి వచ్చారు. వంగి అటు నుంచి చూశారు, ఇటు నుంచి చూశారు. “మళ్ళీ” అన్నారు. పట్టుకుంది. “ఇంకొక్కసారి తల్లీ” అన్నారు. పట్టుకుంది. అప్పుడాయన లేచి, నీళ్ళ కడవ మీద మూత లేదని నా మీద ఒక రిమార్కు రాసి, పొయ్యి దగ్గరికి నడిచారు.

“ఎస్తేరమ్మా, రెండు మెతుకులు పెట్టండి.”

ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. సంచి అడుగు నుంచి ఒక చీటీ తీసి అతికించారు, ఎర్రసిరాతో తేదీలు వేశారు. అది ఏ చీటీయో నేను చూడలేదు. ఏడాదంతా కడవ మీద మూత ఉంచి, ఆ ఒక్క పూట పిల్లలెవరో తీస్తే దానికి రిమార్కా అని నేను పొగలు కక్కుతున్నాను. ఆ తర్వాత ఆయన బుజ్జమ్మను మళ్ళీ చెవి పట్టుకోమనలేదు. ఆ పిచ్చయినా కుదిరిందని సంతోషించాను.

ఇంకో రెండు మూడేళ్ళకు ఆయనకు బదిలీ అయింది. ఎస్తేరమ్మ అరిసెలు చేసి మూట కట్టి ఇవ్వబోతే, కానుకలు తీసుకోకూడదని పుస్తకంలో ఉందన్నారు. సైకిల్ని మోసుకుంటూ ఇసుకలో వెళ్ళిపోయారు. నేను సాగనంపడానికి మలుపు దాకా కూడా పోలేదు. ఆ అరిసెలు పిల్లలు తిన్నారు.

ఉత్తరం వచ్చిన మర్నాడే నాయుడుపేట పోయాను. చిన్న ఇల్లు. ఆమె నన్ను ఎప్పుడూ చూడలేదు గానీ, ఊరి పేరు చెప్పగానే ఆనవాలు పట్టింది. “ఎండ్రకాయల టీచరమ్మవా?” అని ఏడుపులోనే నవ్వింది. కొత్త పుస్తకం అచ్చయ్యాక పాతదాన్ని ఆయన ఇంటికి తెచ్చుకున్నారట. దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

“పోయే ముందర రోజు గూడా మెతుకులు అడిగినారమ్మా. నాలుగు రోజుల్నుంచి ఏమీ తినని మనిషి. తింటారేమోనని సంతోషంగా పళ్ళెంలో పెట్టి తీసకపోయినాను. రెండు తీసుకొని, ఊడిపోయిన చీటీ ఏదో అతికించుకున్నారు. ఇప్పుడు దీన్ని నేనేం జేసేది? ఇంట్లో ఉంటే చీమలు. పారేద్దామంటే చెయ్యి రాదు. నువ్వు తీసకపో.”

తెచ్చుకున్నాను. కోట బస్సులో కిటికీ పక్కన కూర్చుని తెరిచాను. ఎర్ర బకెట్టు పేజీ చూసి నవ్వుకుందామని నా ఉద్దేశం. నవ్వుకున్నాను కూడా. ఆ తర్వాత వయస్సు పేజీ వచ్చింది. చెవి అందుకునే చీటీ మీద ఇంకో చీటీ అతికించి ఉంది. ‘చెవి అందుకొనునపుడు శిరస్సు నిటారుగా నుండవలెను. శిరస్సు వంచి అందుకొని చేరినవారిని వెంటనే తొలగించవలెను.’

కింద ఎర్రసిరా. అందిన తేదీ చూశాను. అతికించిన తేదీ చూశాను. బస్సు కుదుపుకు తప్పు చదివానేమోనని మళ్ళీ చూశాను. రెండింటికీ మధ్య పదకొండు నెలలు.

మిగతా పేజీలన్నీ తిప్పాను. అన్నన్ని చీటీల్లో ఒక్కదానికైనా ఒక్కరోజు తేడా లేదు. పదకొండు నెలల పాటు ఆ ఒక్కదాన్ని ఉత్త కాయితంగానే సంచి అడుగున పెట్టుకుని తిరిగారన్నమాట. బుజ్జమ్మ చేయి పెరిగేదాకా. నేను అన్ని మాటలూ అంటుంటే అది ఆ సంచిలోనే ఉంది. పై అధికారి పుస్తకం తిప్పుతుంటే కూడా అక్కడే ఉంది. చెమటలు కోటు వల్ల కాదు. లోపం కనబడితే పైకి రాయకుండా ఉండలేకపోయారు, జవాబు వస్తే అతికించనూ లేకపోయారు. పోనీ, అందిన తేదీని కాస్త మార్చి వేసుకున్నా అడిగే నాథుడు లేడు. అదీ చేతకాలేదు. తన జీవితంలో చేసిన ఒకే ఒక్క తప్పును తన చేత్తోనే ఎర్రసిరాతో రాసి పెట్టుకున్నారు. చెంగమ్మ ఈ ఏడు కోటలో ఎస్సెల్సీ పరీక్షకు కూర్చుంటోంది. నేనేమో మలుపు దాకా కూడా సాగనంపలేదు.

ఎస్తేరమ్మ ఇప్పుడు కోటలో కూతురి దగ్గర ఉంటోంది. బస్సు దిగి నేరుగా ఆ ఇంటికే పోయాను. చీటీ ఒక మూల ఊడి లేచి ఉంది.

“ఎస్తేరమ్మా, రెండు మెతుకులుంటే పెట్టు” అన్నాను.

ఆమె నా మొహం చూసింది, చేతిలోని పుస్తకం చూసింది. పళ్ళెం నిండా అన్నం పెట్టి, పులుసు పోసి తెచ్చింది. పులుసు తగలని చోట చూసి రెండు మెతుకులు తీసుకున్నాను. చీటీ మూల అతికించి, అరచేత్తో అదిమాను. మిగతా అన్నం కలుపుకున్నాను. నాకేం డ్యూటీ లేదు కదా, తినవచ్చు.